ఐసాయన మెడ

ఆ ఊళ్లో ఒక కాలంలో బస్సెక్కితే సగం మంది తలలు ఎడమ భుజం మీదికి వాలి కనిపించేవి. నిద్రపోతున్నారనుకునేరు. కళ్లు బాగానే తెరుచుకుని ఉండేవి. పొద్దున పూట అందరూ ఒకే పక్కకి ఒరగడం వల్ల బస్సు కుడివైపు తిరగనని మొరాయించేదనీ, పాపం డ్రైవరు కుడి పక్క సీట్లలో ఇసుక బస్తాలు వేసుకుని నడిపేవాడనీ చెప్పుకునేవారు. ఇసుక బస్తాల మాట ఎంతవరకు నిజమో గాని, తలల మాట మాత్రం నిజం. అన్ని తలలకీ మూలం ఒక్క మెడ. అది ఐసాయన మెడ.

ఐసాయన మీసాలు రాకముందే ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. ఉప్పునీళ్ల తొట్టిలోంచి రేకు డబ్బాల్ని పైకి లాగి గోరువెచ్చని నీళ్లలో ముంచితే దిమ్మ సర్రున జారి బయటికి వచ్చేది. దాన్ని కొక్కెంతో లాగి, గోనెపట్టా పరుచుకున్న కుడి భుజం మీదికి ఎత్తుకుని, తల ఎడమకి వంచి, చేపల మార్కెట్టు దాకా నడవాలి. వంచకపోతే దిమ్మ అంచు చెవిని కోసేస్తుంది. ఒక ఎండాకాలం అతని వెనక ఊళ్లో పిల్లులన్నీ కారే చుక్కలు నాకుతూ నడిచాయట. మార్కెట్టు చేరేసరికి భుజం మీద తడి గోనె తప్ప ఏమీ లేదట. "ఐసేదిరా?" అని చేపలావిడ అడిగితే, "వెనకొస్తున్నాయి చూడు, వాటి కడుపులో ఉంది" అన్నాడట.

ఏళ్ల తరబడి అలా వంగిన మెడ, భుజం మీద దిమ్మ లేనప్పుడు కూడా వంగే ఉండిపోయింది. అతని భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషి. ఆవిడ తోటి పనివాళ్లతో చెప్పి నవ్వేది. "మొదటిసారి చూసినప్పుడు నన్ను ఓరగా చూస్తున్నాడనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. కాపురానికి వచ్చాక తెలిసింది, గోడనీ అలాగే చూస్తాడని."

మెడ వంకరతో పాటు భుజంలో పోటు కూడా మొదలయ్యాక, సైకిలు షాపు మేడ మీద ఎవరో యోగా నేర్పుతున్నారని విని వెళ్లాడు. అక్కడ దొరికారు గురువుగారు.

గురువుగారు పుట్టడం ఇండియాలోనే, అంతవరకు అందరూ ఒప్పుకునేవారు. ఈ ఊరికి ఓడ దిగి వచ్చారని కొందరు, రైలు దిగి వచ్చారని కొందరు, ఏదీ దిగలేదు, నేరుగా హిమాలయాల్లోంచి నడిచొచ్చారని మరికొందరు. ఆయన్ని అడిగితే, "టిక్కెట్టు పారేసుకున్నానయ్యా, గుర్తు లేదు" అనేవారు. నిజానికి ఆయన బడిలో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఒక చలికాలం ఊపిరాడక ప్లాట్‌ఫారం బెంచీ మీద కొట్టుకుంటుంటే, పక్కన కూర్చున్న ముసలాయన ఒకడు వీపు మీద చెయ్యి వేసి, "లోపలికి లాగకు, బయటికి వదులు. మిగతాది అదే చూసుకుంటుంది" అన్నాడట. రైలు వచ్చింది, ముసలాయన వెళ్లిపోయాడు, మాస్టారు ఉద్యోగం మానేసి ఆయన్ని వెతుక్కుంటూ తిరిగారు. ఆయన దొరకలేదు. దారిలో మరో నలుగురు దొరికారు. ఒకరి దగ్గర ఆసనాలు, ఒకరి దగ్గర ధ్యానం, మిగతా ఇద్దరి దగ్గర ఓర్పు నేర్చుకున్నానని చెప్పేవారు.

ఉబ్బసం మాత్రం పోలేదు. దాన్ని ఆయన దాచుకోనూ లేదు. "ఊపిరి విలువ ఊపిరాడనివాడికి కాక ఇంకెవడికి తెలుస్తుందయ్యా?" అనేవారు.

ఆయన బోధ కింది సైకిలు షాపులోంచి పుట్టినట్టు ఉండేది. "ట్యూబుకి కన్నం పడితే వాడేం చేస్తున్నాడు? నీళ్లలో ముంచి బుడగ ఎక్కడ లేస్తోందో చూస్తున్నాడు. ట్యూబు మీద కోప్పడుతున్నాడా? లేదు. ధ్యానం అంటే అంతే. బుడగ ఎక్కడ లేస్తోందో చూడు." ఇంకొకటి ప్రతి పాఠంలోనూ చెప్పేవారు. "నొప్పి వస్తే వెనక్కి వచ్చెయ్యండి. మిమ్మల్ని ఎవరూ యుద్ధానికి పంపలేదు."

ఇబ్బందల్లా ఒక్కటే. ఆసనం వేస్తూ మాట్లాడితే ఆయన ఛాతీ ఈల వేసేది. ఐసాయన ఒళ్లేమో బరువులు మోసి ఉక్కులా ఉన్నా చెప్పిన వైపు చెప్పినట్టు వంగేది. రెండు నెలలు చూసి గురువుగారు అన్నారు. "ఒరేయ్ ఐసూ, ఎక్కరా బల్ల మీదికి. నేను చెప్తాను, నువ్వు చెయ్యి."

అలా మాట గురువుగారిది, ఒళ్లు ఐసాయనది అయింది. ఫ్యాక్టరీ పని వదిలేశాడు. మొదటిరోజే గురువుగారు అందరికీ చెప్పారు. "అతని నడుము చూడండి, కాళ్లు చూడండి. మెడ మాత్రం చూడకండి. అది ఐసు దిమ్మ పెట్టిన మెడ. మీరు నిటారుగా పెట్టండి."

అందరూ బుద్ధిగా తలూపారు. ఊపిన తలల్ని బుద్ధిగా ఎడమకి వంచారు. చెవిన పడ్డది ఇంటికి వెళ్లేలోగా జారిపోతుంది గాని, కంట పడ్డదాన్ని ఒళ్లు పట్టుకుంటే వదలదు.

కొన్నాళ్లకి పైపుల వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన శిష్యుడయ్యాడు. తర్వాత ఆ యోగా క్లాసు సంస్థగా మారితే దానికి సెక్రటరీ అయినవాడు అతనే. అతను ఒకరోజు చేతులు కట్టుకుని లేచి అడిగాడు. "గురువుగారూ, ఆ మెడ ఒంపులో అంతరార్థం ఏమిటండీ?"

ఆ రోజు గురువుగారికి ఊపిరి బాగా ఆడుతోంది, హుషారుగా ఉన్నారు. "లోపల ఎవరో పిలుస్తుంటే చెవి అటు పడేయాలి కదయ్యా!" అని పకపకా నవ్వారు.

ఇంకెవ్వరూ నవ్వలేదు. వెనక వరసలోంచి "ఆహా" అని ఒక్క గొంతు వినిపించింది. వారం తిరిగేసరికి దానికి శ్రవణ భంగిమ అని పేరు పడింది. సంవత్సరం తిరిగేసరికి సంస్థ బోర్డు మీద బొమ్మగా ఎక్కింది. దర్జీలు కాలర్లు ఒక పక్క తగ్గించి కుట్టడం మొదలుపెట్టారని కూడా అంటారు. జనం పెరిగారు. సైకిలు షాపు మేడ పోయి పాలరాయి పరిచిన సొంత హాలు వచ్చింది, మైకు వచ్చింది. గురువుగారు చూశారు. సరదాకి అన్న మాట, దానంతటదే పోతుందిలే అనుకున్నారు. ఐసాయన కూడా ఏమీ అనలేదు. బతుకంతా "ఒరేయ్ వంకరోడా" అని పిలిపించుకున్న మెడకి జనం దండం పెడుతుంటే ఎవరికి చేదు? అడిగినవాళ్లకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేవాడు. "ఇది ఐసు మోసిన మెడ బాబూ, ఇందులో ఏం లేదు." వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "చూశారా, ఎంత అణకువో!" అనేవారు.

"మీ మెడకి దండాలు పెడుతున్నారు, మీకు ఒక కుర్చీ వేసే దిక్కు లేదు" అనేది భార్య.

మోకాళ్లు అరిగి బల్ల ఎక్కలేని రోజు వచ్చింది. అతని చోటులోకి కూతురు వచ్చింది. ఒక్కతే పిల్ల. తండ్రి పక్కన చాప వేసుకుని ఆడుకుంటూనే ఆసనాలన్నీ నేర్చుకుంది. బల్ల మీద మొదటిరోజు ఆ పిల్ల స్కేలు పెట్టి గీసినట్టు కూర్చుంటే, గురువుగారు చాలాసేపు అలాగే చూసి, "ఇదిరా ఐసూ, నేను చెప్తూ వచ్చింది ఇదిరా" అన్నారు.

సెక్రటరీ మెల్లిగా దగ్గరికొచ్చి, "అంతా బాగుందమ్మా. మెడ?" అన్నాడు.

అమ్మాయి మెడ వంచింది. హాలంతా హాయిగా నిట్టూర్చింది.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం అమ్మాయి ఎడమ చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. మర్నాడు ఇంకోటి. వేళ్ల మీద చీమలు పాకుతున్నట్టుందంది. గుండీ పెట్టుకోవడానికి గోడకి ఆనుకుని తంటాలు పడుతుంటే తల్లి చూసి, తన ఆసుపత్రిలోనే ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఐసాయన కూడా వెళ్లాడు.

డాక్టరు అమ్మాయి మెడని చూసి, తండ్రి మెడని చూసి, "మీరు ఆ హాలు వాళ్లా? మీ గురువుగారికి నేను థాంక్స్ చెప్పుకోవాలి. నా పేషెంట్లలో సగం మంది అక్కడివాళ్లే" అన్నాడు. అమ్మాయి చెయ్యి పట్టుకున్నాక అతని మొహంలో వెటకారం పోయింది. బొటనవేలి పక్కన కండ అప్పుడే పలచబడింది. మెడ దగ్గర నరం నలిగిపోతోందన్నాడు. "ఈ వంచడం ఇవాళే మానేస్తే ఉన్న చెయ్యి ఉంటుంది. మానకపోతే ఎండిపోతుంది. తర్వాత వచ్చి నన్నడిగినా నేనేం చెయ్యలేను."

మరి తండ్రి మెడ ఎలా తట్టుకుందంటారా? అతను భుజం మీద దిమ్మతో పాటు పెరిగాడు. మెడ వంగిందే గాని లోపల నరానికి దారి ఉండిపోయింది. ఆ పిల్లది నిటారుగా పెరిగిన మెడ. దాన్ని రోజూ పూటపూటా విరుస్తున్నారు.

ఇంటికి వచ్చాక తల్లి గిన్నెలు ఎత్తి పడేస్తూ అంది. "రేపటి నుంచి మెడ ఎత్తి కూర్చో. లేదంటే అసలు వెళ్లకు."

"ఎలాగమ్మా? నన్ను చూసే కదా అందరూ చేసేది."

"అందరూ చేతులు పోగొట్టుకుంటారు, నువ్వూ పోగొట్టుకో."

"తల్లీ" అన్నాడు ఐసాయన, "నీకెన్నిసార్లు చెప్పాను? అది ఐసు మోసి వచ్చిన వంకర. నేను నీ కళ్లముందే ఉన్నాను కదా. ఇందులో ఏముందో నాకు తెలీదా?"

"నీకే తెలీదు నాన్నా." అమ్మాయి కోపంగా అనలేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "అంతమందికి మనశ్శాంతి ఉత్తినే వస్తుందా? కళ్లు మూసుకుని మెడ అటు వాల్చగానే నాకు నిజంగా వినిపిస్తుంది."

"ఏం వినిపిస్తుంది?"

"చెప్తే పోతుంది."

"నీ నరం నలిగే చప్పుడే అది" అంది తల్లి. అమ్మాయి లేచి పక్క గదిలోకి వెళ్లిపోయింది.

ఐసాయనకి ఒకే దారి కనిపించింది. తన మాట ఎవరూ నమ్మరు, కూతురితో సహా. గురువుగారు నలుగురిలో ఒక్క మాట అంటే చాలు. మర్నాడు కర్ర పట్టుకుని ఆయన గదికి వెళ్లాడు. గురువుగారు పండిపోయి ఉన్నారు. తలగడలు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయే రోజులవి, పడుకుంటే ఊపిరాడదు. ఐసాయన నేల మీద కూర్చోలేక మంచం కోడు పట్టుకుని నిలబడి అంతా చెప్పాడు.

గురువుగారు "ఏ చెయ్యిరా?" అన్నారు.

"ఎడమదండీ."

"నేను అన్న ముక్కేనా అది? చెవి పడేయాలి అని?"

"మీరు నవ్వారు కూడానండీ."

"నవ్వాను. నవ్విందెవడికి కావాలి." ఆయన దుప్పటి పక్కకి తోశారు. "ఆదివారం నన్ను హాల్లోకి తీసుకెళ్లండి. చెప్తాను. విప్పి చెప్తాను. దానికేంరా?"

ఆ ఆదివారం హాలు కిటకిటలాడింది. గురువుగారు వస్తున్నారని తెలిసి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఇద్దరు పట్టుకుని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల మీద అమ్మాయి, మెడ వాల్చి. సెక్రటరీ మైకు సర్దాడు. ఐసాయన తలుపు పక్కన కర్ర మీద బరువేసి నిలబడ్డాడు. ఇంకాసేపట్లో అయిపోతుందనుకున్నాడు.

గురువుగారు మాటలు పోగేసుకుని, ఒక్కో ముక్కా విడగొట్టి చెప్పారు. "మెడ ఎత్తండి. అందరూ. ఆ వంకరకి అర్థం లేదు. అది వీడు ఐసు మోసి తెచ్చుకున్న వంకర. నేను సరదాకి ఒక మాట అన్నాను. తప్పు నాది. వంచకండి. చేతులు పోతాయి. ఈ పిల్ల చెయ్యి పోతోంది. మెడ ఎత్తండి."

కొన్ని తలలు నిజంగానే కదిలాయి. ముందు వరసలో ఒక పెద్దావిడ మెడ సగం దాకా ఎత్తింది. ఐసాయన అది చూశాడు.

ఆ పెద్దావిడే బొటబొటా కన్నీళ్లు కార్చి, "ఎంత పరీక్ష పెడుతున్నారు స్వామీ!" అంది. మెడ మళ్లీ వాల్చింది, ఇంతకు ముందుకన్నా ఎక్కువగా.

సెక్రటరీ మైకు అందుకున్నాడు. అతనిలో కపటం లేదు. అతని కళ్లు కూడా చెమర్చాయి. "చూశారా? ఇన్నేళ్లు పట్టుకున్నదాన్ని ఒక్క మాటతో వదిలేస్తామా లేదా అని చూస్తున్నారు. తప్పు తన మీద వేసుకుని మరీ చూస్తున్నారు. మనం వదలం గురువుగారూ!"

"వదలం!" అంది హాలు.

"ఒరేయ్, నిజంగా చెప్తున్నాన్రా!" అని గురువుగారు అరిచారు. అరవడంతో ఊపిరి తెగింది. ఛాతీ ఈల వేయడం మొదలుపెట్టింది. సెక్రటరీ మైకు మళ్లీ ఆయన నోటి దగ్గర పెట్టాడు. ఆ ఈల హాలంతా నిండింది. జనం కళ్లు మూసుకున్నారు. ఆయన ఊపిరి కోసం కొట్టుకుంటుంటే వాళ్లు మెడలు ఎడమకి వాల్చి, భక్తిగా, ఆ చప్పుడు విన్నారు.

ఐసాయన కర్ర పారేసి, మనుషుల మధ్య నుంచి కుంటుకుంటూ బల్ల దగ్గరికి వెళ్లాడు. "తల్లీ, విన్నావు కదా? ఆయనే చెప్పారు కదా? ఎత్తు తల్లీ."

అమ్మాయి కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. "నాన్నా, వెనక్కి వెళ్లు. అందరూ చూస్తున్నారు."

మందు పడ్డాక, గదిలో, గురువుగారు అతని చెయ్యి పట్టుకుని అన్నారు. "బుడగ గురించి చెప్పాను, గుర్తుందా? నొప్పొస్తే వెనక్కి రమ్మన్నాను. ఒక్కడికీ ఎక్కలేదు. ఒక్క వెటకారం ఎక్కింది. నేను చెప్పిందంటూ ఏదీ లేదురా ఐసూ. నీ మెడే చెప్పింది అంతా."

"నా మెడేం చెప్తుందండీ" అన్నాడు ఐసాయన.

ఆ తర్వాత గురువుగారు మాట్లాడటం మానేశారు. మౌనదీక్ష అని సంస్థవాళ్లు బయట బోర్డు పెట్టారు. చలికాలం దాటకుండానే గురువుగారు పోయారు. హాలు మధ్యలో పడుకోబెట్టినప్పుడు తల నిటారుగానే ఉంది. సెక్రటరీ చూసి, గుండ్రంగా చుట్టిన తువ్వాలు ఒకటి కుడి చెవి కింద దోపాడు. తల ఎడమకి ఒరిగింది. ఐసాయన వంగి ఆ తువ్వాలు తీసేశాడు. ఎవరో దాన్ని అతని చేతిలోంచి మర్యాదగా తీసుకుని మళ్లీ దోపారు. అతను మళ్లీ తీశాడు. మూడోసారి దోపిన చెయ్యి కూతురిది. కుడి చెయ్యి. ఎడమది ఒళ్లో ఊరికే పడి ఉంది.

ఇప్పుడు గురువుగారి స్థానంలో మాట్లాడేది సెక్రటరీ. చేసి చూపించేది ఆ అమ్మాయే. చెయ్యి సన్నబడిందని జనం గమనించకపోలేదు. ఒంట్లో ఉన్నదంతా చెవిలోకి వెళ్లిపోతోందని చెప్పుకుంటున్నారు.

తల్లి తెల్లవారకుండానే లాండ్రీ డ్యూటీకి వెళ్లిపోతుంది. అమ్మాయికి ఒంటి చేత్తో జడ రాదు. అందుకని ఐసాయన నేర్చుకున్నాడు. కొక్కెం పట్టిన వేళ్లకి వెంట్రుకలు మొదట్లో అందేవి కావు. చిక్కు పడితే లాగేసేవాడు. "నెమ్మది నాన్నా, ఇదేమన్నా గోనె సంచా?" అని ఆ పిల్ల నవ్వేది. ఇప్పుడు బాగానే వేస్తాడు. కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి, మూడు పాయలూ పట్టుకుని కాస్త పైకి లాగి ఉంచుతాడు. అలా పట్టుకున్నంతసేపూ ఆ మెడ నిటారుగా ఉంటుంది. అందుకే సగం దాకా అల్లి, బాగా రాలేదని విప్పేస్తాడు. మళ్లీ మొదలుపెడతాడు.

"అయిందా?"

"పాయ జారిందమ్మా. ఉండు."

"రోజూ జారుతుందేంటి నాన్నా? అవతల అందరూ వచ్చేసి ఉంటారు."

"అయిపోతుంది, ఉండు."

చివరికి రబ్బరు బ్యాండు వేసి చేతులు తీసేయక తప్పదు. ఆ పిల్ల లేచి, కుడి చేత్తో ఎడమ చేతిని శాలువాలోకి సర్దుకుని, చెప్పులేసుకుంటుంది. మెట్లు దిగడం మొదలుపెట్టేసరికే మెడ వాలిపోతుంది. ఐసాయన పైన నిలబడి, వీధి మలుపు దాకా ఆ జడ ఒక పక్కకి ఊగుతూ పోవడం చూస్తాడు. తర్వాత లోపలికి వచ్చి, దువ్వెనలో మిగిలిన వెంట్రుకలు తీసి, దాన్ని కడిగి ఆరబెడతాడు.